పీణ్య–అంబత్తూరు రూటులో డీజిల్ పికప్ మైలేజీ పడిపోయింది, ఎక్కడి నుంచి వెతకాలి?

పీణ్య లోడింగ్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్య నుంచి చెన్నై అంబత్తూరుకు కాస్టింగులు తోలుతున్నాం. బండి 1.7 టన్నుల బీఎస్6 డీజిల్ పికప్. 2.5 లీటర్ల ఇంజను, 5 గేర్లు, మీటరు మీద 1,38,000 కి.మీ. పోయేటప్పుడు కాటా ప్రకారం సరుకు 1.4 టన్నులు. వచ్చేటప్పుడు ఖాళీ ప్లాస్టిక్ క్రేట్లు, మహా అయితే 250 కిలోలు. రూటు హొసూరు, కృష్ణగిరి, వేలూరు, శ్రీపెరుంబుదూరు. రానూ పోనూ 700 కి.మీ.

ఇదివరకు రెండు వైపులా కలిపి లీటరుకు 12.5 వచ్చేది. ఇప్పుడు 10.2 దాటడం లేదు. 56 లీటర్లతో అయ్యే ట్రిప్పుకు 68 పైన పోస్తున్నాం. లీటరు 90 వేసుకున్నా ట్రిప్పుకు వెయ్యి రూపాయల పైమాటే. మిగిలేదే అంతంతమాత్రం, అందులో ఇది పోతే బండి తిప్పి లాభం లేదు.

ఈ మధ్య మారినవి ఇవి: వెనక టైర్లు రెండూ కొత్తవి, రిబ్ (పొడవు గాడుల రకం) తీసి సెమీ లగ్ (విడి దిమ్మెల రకం) వేశాం. క్రేట్లు ఇదివరకు కేబిన్ ఎత్తుకే సరిపోయేవి, ఇప్పుడు కేబిన్ మీద ఇంకో రెండడుగులు లేస్తున్నాయి. డ్రైవరు కొత్త.

పొగ లేదు, చెక్ ఇంజిన్ లైటు లేదు, నూనె తగ్గడం లేదు. ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు మార్పించాను, తేడా కనపడలేదు. షెడ్డులో ఇంజెక్టర్లు (ఇంజనులోకి డీజిల్ చిమ్మేవి) దించి టెస్టుకు పంపుదాం అంటున్నారు. నాలుగూ మార్చాల్సి వస్తే పెద్ద ఖర్చు, అందుకే ముందు ఇక్కడ అడుగుతున్నా.

ఇంకో సంగతి. లోడుతో పోయేటప్పటి కంటే ఖాళీ క్రేట్లతో వచ్చేటప్పుడే డీజిల్ ఎక్కువ తాగుతోంది. దీంతో డ్రైవరు దారిలో డీజిల్ తీస్తున్నాడని మా భాగస్వామి అనుమానం. ఆధారం లేకుండా మనిషిని ఆ మాట అనడం నాకిష్టం లేదు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

---

డీజిల్ చిట్టా

డ్రైవరు సంగతి ముందు తేల్చేద్దాం అన్నా, ఒకరి పరువు దాని మీద ఉంది. తిరుగు ప్రయాణంలో ఎక్కువ తాగడం దొంగతనానికి గుర్తు కానే కాదు. ఈ రూటులో అలా తాగాల్సిందే.

పీణ్య సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అంబత్తూరు దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. బండి, క్రేట్లు, మనిషి కలిపి 2.1 టన్నులు అనుకుంటే, అంత బరువును 900 మీటర్లు పైకి ఎక్కించడానికి 18.5 మెగాజౌళ్లు కావాలి. లీటరు డీజిల్‌లో 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది, అందులో మూడో వంతే, అంటే 12, చక్రాల దాకా వస్తుంది. కాబట్టి ఎక్కుడుకే లీటరున్నర అదనం. పోయేటప్పుడు దీనికి తిరగేసి: 3.2 టన్నులు కిందికి దిగుతుంది, బ్రేకుల్లో పోయింది పోగా ఇంకో లీటరో లీటరున్నరో ఆదా అవుతుంది. అంటే బండి నిక్షేపంలా ఉన్నా రాక పోకల మధ్య మూడు లీటర్ల తేడా ఒక్క వాలు వల్లే వస్తుంది. అందుకే ఈ రూటులో ఒక వైపు మైలేజీ చూసి ఏదీ నిర్ణయించకూడదు.

ఇక క్రేట్లు. మీ నష్టంలో పెద్ద వాటా ఇక్కడే ఉందని నా లెక్క. బరువు 250 కిలోలే కదా అని వదిలేస్తాం గానీ, హైవేలో డీజిల్ తినేది బరువు కంటే గాలి. కేబిన్ ఎదురు వైశాల్యం సుమారు 3 చదరపు మీటర్లు. రెండడుగుల ఎత్తు, 1.7 మీటర్ల వెడల్పున గోడ లేపితే ఇంకో చదరపు మీటరు కలిసింది. పైగా అది నున్నటి గోడ కాదు, సందులు, అంచులు, ఎగిరే పట్టా. 80 కి.మీ. వేగంలో 450 న్యూటన్ల దగ్గర ఉండాల్సిన గాలి నిరోధం 700 దాకా పోతుంది. ఆ అదనపు 250 న్యూటన్లతో 350 కి.మీ. లాగితే 87 మెగాజౌళ్లు, అంటే 7 లీటర్లు. దారంతా 80లో పోరు కాబట్టి 5 అనుకోండి.

చేయాల్సింది: క్రేట్లు ఒకదానిలో ఒకటి ఇమిడే రకమో, మడత రకమో అయితే ఎత్తు కేబిన్ దాటదు. కంపెనీవాళ్లవే క్రేట్లు, మార్చడం మన చేతిలో లేదంటారా, అప్పుడు పేర్పు మార్చండి. ఎత్తు వరస ముందు వైపు కాకుండా, కేబిన్ వెనక నుంచి మెట్లుగా లేచి వెనక్కి పోయేలా. పట్టా తాళ్లు అడుగున్నరకొకటి బిగించాలి. 70 దాటాక పట్టా టపటపా కొట్టుకుంటోందంటే అది డీజిల్ కాలుతున్న చప్పుడే. కేబిన్ పైకప్పు మీద గాలి మళ్లించే రేకు పెట్టించుకోవచ్చు. దాని పై అంచు నుంచి గీత గీస్తే క్రేట్ల ముందు వరస పై అంచుకు తగలాలి. అంతకంటే కిందికి ఉంటే రేకు బరువు తప్ప ప్రయోజనం లేదు.

వేగం కూడా చెప్పండి డ్రైవరుకు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి పోతే 1.78 రెట్లు. ఎత్తు లోడు ఉన్నప్పుడు 65–70 మధ్య పట్టుకుంటే ట్రిప్పుకు గంట కూడా ఆలస్యం కాదు.

కొలిచే పద్ధతి సరిచేయండి. ఏ ఊళ్లోనైనా ప్రతిసారీ అదే బంకు, అదే నాజిల్, బండి అదే గీత మీద నిలబెట్టి, నాజిల్ మొదటిసారి టక్‌మని ఆగగానే ఆపేయాలి. మెడ దాకా పోయించకూడదు, ఒక్కసారి అలా పోస్తే రెండు లీటర్ల తేడా వస్తుంది. పీణ్యలో నింపండి, అంబత్తూరులో నింపండి, మళ్లీ పీణ్యలో. ఇలా నాలుగైదు ట్రిప్పులు రాసుకుంటేనే అంకెకు విలువ.

అనుమానం మిగిలిపోకూడదనుకుంటే ట్యాంకు మూతకు తాళం వేయండి, ట్యాంకు అడుగున డ్రెయిన్ బోల్టుకు, పైపు క్లిప్పులకు పెయింటుతో గీత పెట్టండి. ఎవరైనా విప్పితే గీత తప్పుతుంది, తప్పకపోతే ఆ అనుమానం అక్కడితో సరి. అలాగే రాత్రి బండి ఆగే చోట కింద అట్టముక్క పరిచి రిటర్న్ పైపు (మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగొచ్చేది) కారుతోందేమో చూడండి.

---

జాకీ స్పానర్

పైన చెప్పిన గాలి లెక్క కరెక్టే. కానీ 12 లీటర్లూ గాలికే పోవు. ఇంజెక్టర్ల జోలికి పోకముందు చక్రాలు తేలిగ్గా తిరుగుతున్నాయా లేదా చూడాలి. 1,38,000 తిరిగిన పికప్పులో వెనక బ్రేకు డ్రమ్ముల మీద నాకు ముందు అనుమానం.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. హైవేలో 15 కి.మీ. నడిపి, చివరి కిలోమీటరు బ్రేకు దాదాపు తొక్కకుండా గేర్లోనే వేగం తగ్గించి పక్కకు ఆపండి. వెంటనే నాలుగు చక్రాల డ్రమ్ము, డిస్కు ఉష్ణోగ్రత రాసుకోండి. ఒకే ఇరుసు మీద ఎడమ కుడి మధ్య 10–15 డిగ్రీల తేడా సహజం. 30 దాటితే వేడెక్కినవైపు బ్రేకు పట్టేసి ఉంది.

అది ఎంత తింటుందో చూడండి. చేత్తో ఆరు కిలోల బరువు లాగినంత, అంటే 60 న్యూటన్ల రాపిడి చక్రం దగ్గర ఉంటే డ్రైవరుకు ఏమీ తెలియదు. బండి లాగదు, పక్కకు ఈడ్వదు, వాసన రాదు. కానీ 60 కి.మీ. వేగంలో అది వెయ్యి వాట్లు, ఇస్త్రీ పెట్టె ఒకటి డ్రమ్ములో పెట్టి దారంతా ఆన్ చేసి ఉంచినట్టు. 700 కి.మీ.కు 42 మెగాజౌళ్లు, మూడున్నర లీటర్లు.

వెనక డ్రమ్ము పట్టేయడానికి నేను చూసే వరస ఇది. హ్యాండ్‌బ్రేకు కేబుల్ లోపల తుప్పు పట్టి వెనక్కి రాకపోవడం మొదటిది. రాత్రంతా వర్షంలో హ్యాండ్‌బ్రేకు వేసి వదిలే బళ్లకు ఎక్కువ. పరీక్ష తేలిక: చక్రం జాకీ మీద లేపి (ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టి), డ్రమ్ము వెనక కేబుల్ కొస విప్పి చక్రం తిప్పండి. ఇప్పుడు తేలిగ్గా తిరిగితే కేబులే దొంగ. అప్పటికీ బిగుసుగానే ఉంటే లోపల వీల్ సిలిండరు పిస్టను ఇరుక్కుందో, రిటర్న్ స్ప్రింగు సాగిందో, షూలు మార్చినప్పుడు ఆటో అడ్జస్టర్ ఎక్కువ బిగించారో చూడాలి. డ్రమ్ము విప్పాక బ్యాక్ ప్లేటు మీద షూ ఆనుకునే చోట్లు వేలితో తడమండి. అక్కడ గాడి పడి ఉంటే షూ ఆ గాడిలో తట్టుకుని వెనక్కి రాదు. ఫైలు పట్టి నున్నగా చేసి, వేడికి కరగని బ్రేకు గ్రీజు పల్చగా రాయాలి. షూ మీద పడకూడదు.

ముందు డిస్కులకు కాలిపర్ స్లైడ్ పిన్నులు. పిన్ను బయటికి తీస్తే చేత్తో జారాలి, సుత్తితో కొట్టాల్సి వస్తే పట్టేసినట్టే. రబ్బరు బూటు చిరిగితే ధూళి లోపలికి పోయి గ్రీజు ముద్దకడుతుంది. ఇక్కడ మామూలు చాసిస్ గ్రీజు పెట్టొద్దు, రబ్బరు ఉబ్బి పిన్ను ఇంకా బిగుస్తుంది. సిలికాన్ బ్రేకు గ్రీజే వాడాలి.

బేరింగులు ఈ మధ్య మార్పించి ఉంటే హబ్ నట్టు ఎక్కువ బిగించారేమో కూడా చూడండి. అప్పుడు డ్రమ్ము కాదు, హబ్ మధ్యలో వేడి ఉంటుంది.

---

ట్రెడ్ డెప్త్

టైర్ల గురించి క్లుప్తంగా. అరిగిన టైరు స్థానంలో కొత్తది వేస్తే వ్యాసార్ధం 7–8 మి.మీ. పెరుగుతుంది. 350 మి.మీ. వ్యాసార్ధం మీద అది 2 శాతం. చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే చూపిస్తుంది. అంటే మీరు నిజంగా 714 కి.మీ. పోతే మీటరు 700 అంటుంది. ఆ 2 శాతం మైలేజీ పోలేదు, కనపడటం లేదు అంతే. ఫోన్ జీపీఎస్‌తో వంద కి.మీ. పోల్చి చూడండి.

సెమీ లగ్ మాత్రం నిజమైన నష్టమే. దిమ్మెలు లోతుగా, విడివిడిగా ఉంటాయి కాబట్టి రోడ్డు తగిలిన ప్రతిసారీ వంగి లేస్తాయి, ఆ వంగడంలో శక్తి వేడిగా పోతుంది. క్వారీ, మట్టి రోడ్ల బండికి అవి కావాలి. మీ రూటు మొత్తం తారు, సిమెంటు. తర్వాతిసారి రేడియల్ రిబ్ వేయండి. ఇప్పుడున్నవి తీసేయాల్సిన అవసరం లేదు, కొత్త ట్రెడ్డు అరిగేకొద్దీ కొంత తగ్గుతుంది.

టైరు గాలిని డ్రైవరు తలుపు దగ్గరున్న స్టిక్కరు చూసి, లోడుకు రాసిన అంకె ప్రకారం, చల్లటి టైర్లలో పట్టించండి. పరిగెత్తి వేడెక్కిన టైరులో ప్రెషరు ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేయడం మన పంక్చరు షాపుల్లో అలవాటు. అది తప్పు, చల్లారాక తక్కువైపోతుంది. నైట్రోజన్‌కు డబ్బులు పెట్టనక్కర్లేదు, నెలకు రెండుసార్లు మామూలు గాలి చూసుకుంటే చాలు.

---

ఓబీడీ కేబుల్

"పొగ లేదు" అన్న మాట దగ్గర ఆగాలి. బీఎస్3, బీఎస్4 రోజుల్లో బూస్ట్ పైపు (టర్బో నుంచి ఇంజనుకు ఒత్తిడి గాలి తెచ్చేది) చిరిగితే వెనక నల్ల పొగ కనపడేది, టీ కొట్టువాడు కూడా చెప్పేవాడు. బీఎస్6 బండిలో సైలెన్సరు ముందు డీపీఎఫ్ (మసి పట్టే ఫిల్టరు) ఉంది. ఎంత మసి పుట్టినా అది పట్టేసుకుంటుంది. పైప్ చివర వేలు పెడితే శుభ్రంగా ఉంటుంది. కాబట్టి పొగ లేకపోవడం ఇంజను బాగుందనడానికి సాక్ష్యం కాదు.

టర్బోకు, ఇన్‌టేక్‌కు మధ్య గాలి కారితే జరిగేది ఇది: ఎయిర్ ఫిల్టరు పక్కనున్న సెన్సరు లోపలికి వచ్చిన గాలిని లెక్కబెడుతుంది. అందులో కొంత దారిలోనే బయటికి పోతుంది. ఈసీయూకు (ఇంజను కంప్యూటర్‌కు) ఆ సంగతి తెలియదు, లెక్కకు తగ్గ డీజిల్ కొడుతుంది. గాలి చాలక మసి ఎక్కువ పుడుతుంది. డీపీఎఫ్ త్వరగా నిండుతుంది. దాన్ని కాల్చడానికి ఈసీయూ అదనంగా డీజిల్ కొట్టి ఎగ్జాస్టును 550–600 డిగ్రీలకు తీసుకెళ్తుంది. దాన్నే రీజెనరేషన్ అంటారు. ఆ డీజిల్ చక్రాలకు అరంగుళం కూడా ఉపయోగపడదు. అంటే నష్టం రెండు చోట్ల: దహనంలో ఒకసారి, మసి కాల్చడంలో ఇంకోసారి.

బండి కంప్యూటర్ రీడింగులు ఫోనులో చూపే ఓబీడీ డాంగిల్ పెట్టి ఇవి చూసి ఇక్కడ రాయండి.

తాళం ఆన్, ఇంజను ఆఫ్‌లో మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలి పోయే గొట్టం) ప్రెషరు బెంగళూరులో 91 కిలోపాస్కల్ దగ్గర, చెన్నైలో 100 దగ్గర చూపించాలి. అది ఆ ఊరి వాతావరణ పీడనమే. తేడా ఉంటే సెన్సరే తప్పు చెబుతోంది, మిగతా రీడింగులు నమ్మొద్దు.

హైవేలో కూలెంట్ ఉష్ణోగ్రత 82–92 మధ్య నిలకడగా ఉండాలి. 70 దాటకపోతే థర్మోస్టాట్ (కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వు) తెరుచుకుని ఇరుక్కుంది. చల్లటి ఇంజను ఎక్కువ తాగుతుంది, పైగా రీజెనరేషన్ సరిగ్గా మొదలవదు. చెక్ ఇంజిన్ లైటు వెలగాలంటే పీ0128 అనే లోపం కోడ్ రావాలి, అది వచ్చేలోపు నెలలు గడవొచ్చు.

మూడో గేర్లో, లోడుతో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 2,000 ఆర్పీఎం దగ్గర ఈసీయూ అడిగిన బూస్ట్ ఎంత, వచ్చిన బూస్ట్ ఎంత? ఇది షెడ్డు స్కానర్‌లో కనిపిస్తుంది. 10–15 కిలోపాస్కల్ మించి తక్కువగా ఉంటూ ఉంటే కారుతోందని అర్థం. లోటు బాగా ఎక్కువైతేనే పీ0299 కోడ్ వస్తుంది, అంతదాకా లైటు వెలగదు.

రీజెనరేషన్ ఎన్ని కి.మీ.కు ఒకసారి వస్తోంది? హైవే బండికి కొన్ని వందల కి.మీ.కు ఒకసారి రావడం సహజం. వందకోసారి వస్తుంటే మసి ఎక్కువ పుడుతోందని.

డిప్‌స్టిక్ కూడా చూడండి. నూనె తగ్గడం లేదన్నారు, పెరుగుతోందేమో చూశారా? రీజెనరేషన్ మధ్యలో ఇంజను ఆపేస్తుంటే కాలని డీజిల్ సిలిండరు గోడల మీదుగా నూనెలో కలుస్తుంది. మ్యాక్స్ గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే ఆ రోజే నూనె మార్చాలి, ఆలస్యం చేస్తే బేరింగులు పోతాయి.

---

పీణ్య లోడింగ్

అందరికీ ధన్యవాదాలు. చెప్పినవన్నీ చూసి రాస్తున్నా.

వెనక ఎడమ డ్రమ్ము 98 డిగ్రీలు, కుడి 56. ముందు డిస్కులు రెండూ దగ్గరదగ్గర. కేబుల్ విప్పాక ఎడమ చక్రం తేలికైంది. జీపీఎస్ 102 చూపిస్తే మీటరు 100. కూలెంట్ 86, నిలకడగా ఉంది. ఇంజను ఆఫ్‌లో ప్రెషరు 91. అడిగిన బూస్ట్ 178, వచ్చింది 149. రీజెనరేషన్ 120–130 కి.మీ.కు ఒకసారి. నూనె మ్యాక్స్ గీత కంటే రెండు మి.మీ. పైన ఉంది, వాసన చూస్తే డీజిల్ ఉన్నట్టే అనిపిస్తోంది. పెయింటు గీతలు ఎక్కడా కదల్లేదు. ఇంజెక్టర్లు దించాలా?

---

ఓబీడీ కేబుల్

ఇంకా వద్దు. 178 అడిగితే 149 రావడమంటే గాలి కారుతోంది. ముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇన్‌టేక్‌కు పోయే రబ్బరు పైపులు చూడండి. పైన చూస్తే లాభం లేదు, అద్దం, టార్చి పెట్టి అడుగు భాగం చూడాలి. టర్బో నుంచి ఎప్పుడూ కాస్త నూనె ఆవిరి వస్తుంది. కారే చోట ఆ తడి బయటికొచ్చి, దాని మీద రోడ్డు దుమ్ము అంటుకుని, క్లిప్పు పక్కన నల్లటి జిడ్డు పొర కడుతుంది. మిగతా పైపంతా పొడిగా ఉండి ఒక్కచోట అలా కనిపిస్తే అదే చిల్లు. పైపును చేత్తో వంచి చూడండి, చీలిక మామూలుగా మూసుకుని ఉంటుంది, ఒత్తిడి వచ్చినప్పుడే తెరుచుకుంటుంది.

కనపడకపోతే టర్బో నోటికి బిరడా బిగించి, దానికి ట్యూబు వాల్వు పెట్టి, 1 బార్ మించకుండా గాలి ఎక్కించి సబ్బు నీళ్లు కొట్టండి. సిలిండర్ల లోపలికి కొంత గాలి పోతూనే ఉంటుంది, ఆ బుస చూసి కంగారు పడొద్దు. బుడగలు వచ్చే చోటు వెతకండి. ఇంటర్‌కూలర్ పక్కల అల్యూమినియం అతుకు దగ్గర కూడా చూడాలి. పైపు మార్చేటప్పుడు స్క్రూ క్లిప్పు కాకుండా వెడల్పాటి టీ-బోల్టు క్లిప్పు వేయించండి, పైపు కొసలోని నూనె తుడిచి ఆరాకే ఎక్కించాలి, లేదంటే లోడులో ఊడి వస్తుంది.

ఆ తర్వాత నూనె, ఫిల్టరు మార్చండి. బండి పుస్తకంలో ఉన్న తక్కువ బూడిద రకం, డీపీఎఫ్‌కు సరిపోయేదని డబ్బా మీద రాసి ఉన్నదే పోయాలి. మామూలు లారీ నూనె పోస్తే అది కాలి మిగిల్చే బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, రీజెనరేషన్ ఎన్నిసార్లు చేసినా పోదు.

డ్రైవరుకు ఒక్క మాట చెప్పండి. రీజెనరేషన్ నడుస్తుంటే ఐడిల్ కాస్త పెరుగుతుంది, ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది, ఆగితే వేడి లోహం వాసన వస్తుంది. ఆ సమయంలో శ్రీపెరుంబుదూరులో టీ తాగడానికో అంబత్తూరు గేటు ముందో ఇంజను ఆపకుండా, ఇంకో పదిహేను నిమిషాలు 2,000 ఆర్పీఎం దగ్గర నడిపితే పని పూర్తవుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా బూస్ట్ సరిపోయి మైలేజీ రాకపోతే అప్పుడు ఇంజెక్టర్లు. అప్పుడు కూడా దించకముందు రిటర్న్ టెస్టు చేయించండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు నాలుగు గీతల సీసాలు పెట్టి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే, చెడ్డది పక్కవాటికంటే బాగా ఎక్కువ నింపుతుంది. ఒక్కటి చెడితే ఒక్కటే మార్చొచ్చు. మార్చిన ఇంజెక్టరు మీద చెక్కి ఉన్న కోడ్ స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించమని నిలబడి అడగండి. చాలా షెడ్లలో ఈ పని వదిలేస్తారు, ఇంజను గరగరలాడుతూ ఎక్కువ తాగుతుంది.

---

డీజిల్ చిట్టా

లెక్క దగ్గరపడింది చూడండి. పోయిన 12 లీటర్లలో క్రేట్ల ఎత్తు 5, ఎడమ డ్రమ్ము 3 నుంచి మూడున్నర, మీటరు తప్పు వల్ల కనపడనిది లీటరుకు పైన. మిగిలిన రెండు, రెండున్నర బూస్ట్ లీకు, రీజెనరేషన్, సెమీ లగ్ మధ్య పంచుకుంటే సరి. డ్రైవరు మీద వేయడానికి ఇందులో ఒక లీటరు కూడా మిగల్లేదు. ఈ లెక్క మీ భాగస్వామికి చూపించండి.

ఒకేసారి అన్నీ చేసేయకండి. డ్రమ్ము, పైపు, నూనె ఒక విడత. రెండు మూడు ట్రిప్పులు కొలవండి. తర్వాత క్రేట్ల ఎత్తు. ఏది ఎంత తెచ్చిందో తెలిస్తే మీ మిగతా బళ్లకూ పనికొస్తుంది.

---

హొసూరు హైవే

నడిపే తీరు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు మాటలు. ఇలాంటి 2.5 లీటర్ల ఇంజన్ల బలమంతా 1,400 నుంచి 2,200 ఆర్పీఎం మధ్య ఉంటుంది. కృష్ణగిరి దాటాక శూలగిరి వైపు ఎక్కుడులో ఐదో గేర్లోనే పట్టుకుని 1,200కు పడేదాకా తొక్కిపట్టడం చాలామందికి అలవాటు. గేరు మార్చకపోతే డీజిల్ మిగులుతుందనుకుంటారు. మిగలదు, మసి పెరుగుతుంది. 1,500కు రాగానే నాలుగు వేయాలి.

దిగుడులో న్యూట్రల్ కొట్టడం పూర్తిగా మానాలి. గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు డీజిల్ కొట్టడమే ఆపేస్తాయి, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్లో ఐడిల్ కోసం కొడుతూనే ఉంటాయి. పలమనేరు, చిత్తూరు మీదుగా పోయే బళ్లు మొగిలి ఘాట్‌లో న్యూట్రల్లో దిగితే డీజిల్ సంగతి అటుంచి, ఇంజను బ్రేకు లేక డ్రమ్ములు కాలి ప్రాణాల మీదికి వస్తుంది.

పీణ్య నుంచి బయటపడేటప్పుడు గొరగుంటెపాళ్య, సిల్క్‌బోర్డు దారిలో ఇరుక్కునే బదులు తుమకూరు రోడ్డు నుంచి నైస్ రోడ్డెక్కి ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర హొసూరు రోడ్డులో కలవడం మేలు. టోల్ ఎక్కువే. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే అది కూడా అక్కర్లేదు, ఊళ్లోంచే పోవచ్చు.

---

కొత్త పికప్

మధ్యలో దూరినందుకు క్షమించండి. అమెరికాలో పెద్ద డీజిల్ పికప్పులకు చిప్ పెట్టి, డీపీఎఫ్ తీసేసి మైలేజీ బాగా పెంచిన వీడియోలు చూశాను. బెంగళూరులో కూడా చేసేవాళ్లున్నారట. డీజిల్‌లో కలిపే సీసాలు కూడా అమ్ముతున్నారు. పనికొస్తాయా?

---

ఓబీడీ కేబుల్

ఆ బళ్లు వేరు తమ్ముడూ. అక్కడ హెవీ డ్యూటీ పికప్ అంటే 6.6, 6.7 లీటర్ల ఇంజను, ట్రైలర్ లాగే బండి. వాళ్లు చెప్పే 15 మైళ్ల మైలేజీ మన లెక్కలో లీటరుకు 6.4 కి.మీ. 8,500 పౌండ్ల స్థూల బరువు దాటిన పికప్పులకు అక్కడి ప్రభుత్వం మైలేజీ స్టిక్కరే ఇవ్వదు. కాబట్టి వీడియోల్లో చెప్పే "ముందు, తర్వాత" అంకెలను సరిచూసుకోవడానికి అధికారిక అంకె ఉండదు. డీపీఎఫ్ తీసేయడం అక్కడా చట్టవిరుద్ధమే.

ఇక్కడ మోటారు వాహనాల చట్టం 182ఏ కింద అనుమతి లేని మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వారంటీ పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, వెనక వచ్చే స్కూటరువాడి ఊపిరితిత్తుల్లోకి ఆ మసి పోతుంది. డీపీఎఫ్ పదేపదే నిండుతోందంటే జబ్బు ఇంజను దగ్గర ఉంది, పైన చూశారుగా.

చిప్పుల్లో చాలావరకు రైల్ ప్రెషర్ సెన్సరు (ఇంజెక్టర్లకు పోయే డీజిల్ ఒత్తిడి కొలిచేది) పేరుతో ఈసీయూకు తప్పుడు రీడింగు ఇచ్చి ఎక్కువ డీజిల్ కొట్టిస్తాయి. పవరు వస్తుంది, దాని ధర డీజిల్‌లోనే కడతారు, తర్వాత క్లచ్ ప్లేటులో, టర్బోలో. సీసాల మీద పెట్టే డబ్బు డీజిల్ ఫిల్టరు మీద పెట్టండి. ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది, వర్షాకాలంలో వారానికోసారి గాజు గ్లాసులోకి కొంచెం వదిలి చూడండి. అడుగున నీటి పొర కనిపిస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించాలి, బంకు మార్చాలి.